మందుకు లొంగని కణము – లెక్క నేర్చిన యంత్రము

శంషాబాదు దాటి బెంగుళూరు రహదారిపై దక్షిణముగా పోవువారికి మొదట పాల్మాకుల, ఆ తరువాత కొంత దూరమునకు కొత్తూరు తగులును. 2008లో విమానాశ్రయము వచ్చిన నాటి నుండి ఈ ప్రాంతమును గూర్చి మాట్లాడువారందరు భూముల ధరలను గూర్చియే మాట్లాడుచున్నారు. కాని ఇదే దారిలో, కొత్తూరులో, నాట్కో అను ఔషధ సంస్థ వారి కర్మాగారము ఒకటి ఉన్నది. 1981లో హైదరాబాదున పుట్టిన ఆ సంస్థ పేరు క్యాన్సర్ చికిత్స చరిత్రలో ఒక ముఖ్య ఘట్టముతో ముడిపడియున్నదని మన విద్యార్థులలో ఎందరికి తెలియునో! ఆ ఘట్టమునకు సంబంధించిన మందు పేరు ఇమాటినిబ్. ఆ మందు చేసిన మేలును, ఆ మందుకు సైతము లొంగని కణముల మొండితనమును, ఆ మొండితనమును ముందుగా పసిగట్టుటకు నేటి శాస్త్రజ్ఞులు కంప్యూటరుకు నేర్పుచున్న విద్యను గూర్చి ఈ వ్యాసమున మాకు తెలిసినంత వరకు వివరింపదలచినాము.

రక్త క్యాన్సర్లలో దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా అనునది ఒకటి. 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ అను ఇద్దరు ఈ రోగుల రక్తకణములలో అసాధారణముగా పొట్టిగానున్న ఒక క్రోమోజోమును చూచినారు. అది ఎందుకు పొట్టిదైనదో 1973లో జానెట్ రౌలీ అను విదుషి తేల్చినది. తొమ్మిదవ క్రోమోజోము ముక్క ఇరువది రెండవ దానికి, ఇరువది రెండవ దాని ముక్క తొమ్మిదవ దానికి అతుకుకొనుచున్నవి. ఈ అతుకు వలన రెండు జన్యువులు కలిసి బీసీఆర్-ఏబీఎల్ అను కొత్త జన్యువు ఏర్పడును. దాని నుండి పుట్టు ప్రోటీను, కట్టివేయని పంపువలె, "విభజన చెందుము" అను ఆజ్ఞను కణమునకు ఎడతెగక ఇచ్చుచుండును. ఇమాటినిబ్ ఆ ప్రోటీనులోని ఒక చిన్న గుంటలో ఇమిడి దాని పనిని ఆపివేయును. 2001 మే నెలలో అమెరికా ప్రభుత్వము ఈ మందుకు అనుమతి ఇచ్చినది. అంతకు పూర్వము కొద్ది సంవత్సరములలో ప్రాణము తీసిన ఈ వ్యాధి, మాత్రలు వేసికొనుచు చాలాకాలము జీవింపగల వ్యాధిగా మారినది. తొలి పెద్ద పరీక్షలో ఇమాటినిబ్ తీసికొన్నవారిలో సుమారు 83 శాతము మంది పది సంవత్సరముల తరువాత కూడ సజీవులై యుండిరని 2017లో ప్రకటించినారు.

అయితే నోవార్టిస్ కంపెనీ వారి మందు అప్పుడు నెలకు సుమారు లక్షా ఇరువది వేల రూపాయలుగా ఉండెను. నాట్కో 2003లో 'వీనాట్' అను పేర తన ఇమాటినిబ్‌ను విడుదల చేసినది. దేశీయ కంపెనీల మందు నెలకు ఎనిమిది, పది వేలలో దొరికినది. పేటెంటు తగాదా సుప్రీంకోర్టు దాక పోయి 2013 ఏప్రిల్ 1న నోవార్టిస్ వాదము వీగిపోయినది. ఆ వ్యాజ్యములో నాట్కో కూడ ఒక ప్రతివాది. న్యాయశాస్త్రము చదువు మిత్రులు ఆ తీర్పును గూర్చి వేరుగా వ్రాయవలెనని కోరుచు మేము మా విషయమునకు వచ్చెదము.

మందు దొరికినది, ధర దిగినది. అయినను కొందరిలో కొంతకాలమునకు వ్యాధి తిరిగి తల ఎత్తినది. ఎందువలన? 2001లోనే, అనగా అనుమతి వచ్చిన సంవత్సరమే, చార్లెస్ సాయర్స్ బృందము వారు ఇట్టి రోగుల కణములను పరిశీలించినారు. తొమ్మిది మందిలో ఆరుగురికి ఆ ప్రోటీనులో ఒకే ఒక్క మార్పు కనబడినది. 315వ స్థానములో ఉండవలసిన త్రియోనిన్‌కు బదులు ఐసోల్యూసిన్ అను మరొక అమైనో ఆమ్లము వచ్చి కూర్చున్నది. గుంట ఆకారము మారినది, మందు ఇమడలేదు. మరి ముగ్గురిలో ఆ చెడు జన్యువే అనేక ప్రతులుగా పెరిగి, ఉన్న మందును మించిపోయినది. ఈ మార్పును కూడ ఎదుర్కొనగల పోనాటినిబ్ అను మందు 2012లో వచ్చినది.

కణములు మందును చూచి ఆలోచించి ఎత్తు మార్చినవని అనుకొనరాదు. మన పత్తి రైతును అడిగిన ఇది బాగుగా చెప్పును. గులాబీ రంగు పురుగును చంపుటకని బీటీ పత్తి వచ్చినది. లక్షల పురుగులలో ఏ కొన్నియో పుట్టుకతోనే ఆ విషమును తట్టుకొనునవి ఉండినవి. తక్కినవన్నియు చచ్చినవి, ఇవి మిగిలినవి. చేనంతయు ఖాళీ అయినందున వీని సంతతికే మేత. కొన్ని సంవత్సరములలో చేను నిండ తట్టుకొను పురుగులే. మందు నిరోధకతను సృష్టించదు. ముందే ఉన్నదానిని ఏరి నిలబెట్టును. క్యాన్సర్ గడ్డలో జరుగునది కూడ ఎక్కువగా ఇదియే. అయితే కొన్ని కణములు జన్యువు మారకయే, తాత్కాలికముగా నిద్రాణస్థితిలోనికి పోయి మందు నుండి తప్పించుకొనుట కూడ కలదు.

ఈ కథలో మన తెలుగువాని పాత్ర ఇమాటినిబ్ కంటె అర్ధశతాబ్దము ముందే ఆరంభమైనది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలలో పరిశోధనకు నాయకత్వము వహించి, ఫోలిక్ ఆమ్లమును, దానిని పోలియుండి దాని పనిని చెడగొట్టు అమినోప్టెరిన్‌ను, మెథోట్రెక్సేట్‌ను తన బృందముచే తయారు చేయించినారు. కణము విభజన చెందవలెనన్న ఫోలిక్ ఆమ్లము కావలెను. దానిని పోలిన నకిలీని అందించినచో వేగముగా పెరుగు క్యాన్సర్ కణము మోసపోవును. బోస్టన్ నగరములో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌ను రక్త క్యాన్సర్ సోకిన పదునారుగురు పిల్లలకు ఇచ్చినాడు. 1948 జూన్ నెలలో ఆ ఫలితములు వెలువడినవి. పది మందిలో వ్యాధి తగ్గుముఖము పట్టినది. అంతవరకు ఆ వ్యాధికి చికిత్స అను మాటయే లేదు. సుబ్బారావుగారు ఆ సంవత్సరమే ఆగస్టులో కన్నుమూసినారు.

ఫార్బర్ తన వ్యాసమునకు పెట్టిన శీర్షికలోనే "తాత్కాలిక" అను విశేషణము కలదు. ఆ ఉపశమనము నిలువలేదు, వ్యాధి తిరిగి వచ్చినది. విజయమును ప్రకటించు శీర్షికలోనే దాని హద్దును కూడ వ్రాసిన ఆ నిజాయితీ మాకు మిక్కిలి నచ్చినది. నేటి పత్రికా ప్రకటనలలో అట్టి విశేషణములు అరుదు. మెథోట్రెక్సేట్‌ను కణములు ఎట్లు తట్టుకొనుచున్నవో 1978లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో రాబర్ట్ షిమ్కే బృందము చూపినది. ఆ మందు ఏ ఎంజైమును పట్టుకొనునో ఆ ఎంజైము జన్యువునే కణము అనేక ప్రతులుగా పెంచుకొన్నది. పైన చెప్పిన ముగ్గురు ఇమాటినిబ్ రోగులలో జరిగినదియు ఇదే ఉపాయమని చదువరులు గమనింతురు గాక.

దీనికి వైద్యులు కనుగొన్న మొదటి విరుగుడు కేవలము గణితము. ఒక మందును తట్టుకొను కణము పది లక్షలలో ఒకటి ఉండుననుకొందము. ఒక సెంటీమీటరు గడ్డలో సుమారు నూరు కోట్ల కణములుండును. అనగా మందు వేయక ముందే దానిలో వేయి కణములు ఆ మందుకు లొంగనివి. రెండు వేర్వేరు విధములుగా పనిచేయు మందులను కలిపి ఇచ్చినచో రెంటినీ తట్టుకొను కణము లక్ష కోట్లలో ఒకటి. నూరు కోట్లలో అట్టిది ఉండకపోవుటకే అవకాశము ఎక్కువ. 1960 ప్రాంతములలో ఎమిల్ ఫ్రై, ఎమిల్ ఫ్రైరైక్ అను వైద్యులు మెథోట్రెక్సేట్‌తో సహా నాలుగు మందులను కలిపి పిల్లలకు ఇచ్చుటకు సాహసించినది ఈ మార్గముననే. బాలల రక్త క్యాన్సర్ నేడు చాలవరకు నయమగుచున్నదన్న దానికి పునాది అక్కడ పడినది.

కాని నేడు క్యాన్సర్ మందులు వందలలో ఉన్నవి. మానవ కణములో ప్రోటీనులను పుట్టించు జన్యువులు సుమారు ఇరువది వేలు. ఏ రోగి గడ్డలో ఏ జన్యువు ఎట్లు మారినది, అది ఏ మందుకు లొంగును, దేనికి లొంగదు అను లెక్క మనిషి బుర్రకు అందునది కాదు. ఇక్కడనే మెషీన్ లెర్నింగ్ అనబడు విద్య, అనగా దత్తాంశము నుండి యంత్రము తానే సూత్రమును గ్రహించు పద్ధతి, ప్రవేశించినది.

ఒక పెద్ద పట్టికను ఊహింపుడు. ఒక్కొక్క అడ్డువరుస ఒక్కొక్క క్యాన్సర్ కణ వంశమునకు. రోగి నుండి తీసి ప్రయోగశాలలో తరతరములుగా పెంచు కణములను కణ వంశమందురు. ఒక్కొక్క నిలువు వరుస ఒక్కొక్క జన్యువునకు. అది ఎంత చురుకుగా ఉన్నది, అందులో మార్పు కలదా అను విషయము గడిలో వ్రాయబడును. చివరి గడిలో జవాబు: ఆ కణములను సగము మేరకు అణచుటకు ఎంత మందు పట్టినది? తక్కువ పట్టినచో లొంగినది, ఎక్కువ పట్టినచో మొండిది. యంత్రము ఈ పట్టికను మరల మరల చూచి, ఏ నిలువు వరుసలు జవాబుతో పాటు పెరుగుచు తరుగుచు ఉన్నవో గ్రహించి, ఒక్కొక్క దానికి ఒక్కొక్క తూకము ఇచ్చును. ఆ తరువాత జవాబు గడి ఖాళీగానున్న కొత్త వరుసను ఇచ్చినచో తానే నింపును. చేయునది ఇంతే. ఇందులో మాయ ఏమియు లేదు.

అట్టి పట్టికలకు నాంది 1990 నాటికి అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ సిద్ధపరచిన అరువది కణ వంశముల సముదాయము. 2012 మార్చిలో రెండు పెద్ద పట్టికలు ఒకేసారి వెలువడినవి. ఒకటి బ్రాడ్ సంస్థ నోవార్టిస్‌తో కలిసి చేసినది. 947 కణ వంశముల వివరములు, 24 మందులు. రెండవది ఇంగ్లండులోని సాంగర్ సంస్థ, బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి కలిసి చేసినది. 639 కణ వంశములు, 130 మందులు.

ఈ అంకెలను చూచి సంఖ్యాశాస్త్ర విద్యార్థి వెంటనే కనుబొమలు ముడివేయును. నిలువు వరుసలు ఇరువది వేలు, అడ్డువరుసలు వేయి కూడ లేవు! ఇన్ని జన్యువులలో ఏవో కొన్ని కేవలము కాకతాళీయముగానే జవాబుతో సరిపోవును. యంత్రము వానిని నిజమైన కారణములుగా భ్రమించును. పాత ప్రశ్నపత్రముల జవాబులను బట్టీ పట్టిన విద్యార్థి వంటిది ఈ స్థితి. అవే ప్రశ్నలు వచ్చిన నూటికి నూరు, ఒక్కటి మార్చిన సున్న. అందువలన యంత్రమునకు నేర్పునపుడు కొన్ని వరుసలను దాచియుంచి, చివర వానితో పరీక్షింపవలెను. ఆ దాచిన వరుసలలో ఏ ఒక్కటియు, మారుపేరుతోనైనను, నేర్పిన వరుసలలో చేరియుండరాదు. చేరినచో అది ప్రశ్నపత్రము ముందుగా బయటపడుట వంటిదే.

ఇట్టి నిష్పాక్షికమైన పరీక్ష ఒకటి 'డ్రీమ్' అను పేర జరిగినది. 53 రొమ్ము క్యాన్సర్ కణ వంశములలో 35 వంశముల జవాబులిచ్చి, తక్కిన 18 వంశములను మందుకు లొంగు క్రమములో పేర్చుడని కోరినారు. 44 పద్ధతులు పోటీపడినవి. 2014లో వెలువడిన ఫలితములను బట్టి, మేలైన పద్ధతులు గ్రుడ్డి ఊహ కంటె నిశ్చయముగా మెరుగు; కాని వైద్యుడు నమ్మి మందు చీటీ వ్రాయుటకు చాలవు. వరుసలు పుష్కలముగా ఉన్నచోట పని ఎట్లు సాగునో తెలియవలెనన్న క్షయవ్యాధిని చూడవలెను. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 38,000కు పైగా క్షయ సూక్ష్మజీవి నమూనాలను పరిశీలించి, ఏ జన్యు మార్పు ఏ మందుకు నిరోధకత కలిగించునో జాబితా ప్రకటించినది. క్షయ సూక్ష్మజీవి జన్యువులు నాలుగు వేల చిల్లర మాత్రమే. క్యాన్సర్‌కు అట్టి సౌలభ్యము లేదు.

అంకెలు తక్కువైన తిప్పలు అట్లుండగా, అంకెలు తారుమారైన ఏమగునో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయములో జరిగిన ఉదంతము చూపినది. 2006లో అక్కడి పరిశోధకులు, పైన చెప్పిన అరువది కణ వంశముల దత్తాంశముతో ఏ రోగి ఏ మందుకు లొంగునో ముందే చెప్పగలమని ప్రకటించినారు. పేరున్న పత్రిక అచ్చువేసినది. 2007 నుండి ఆ సూత్రమును అనుసరించి నిజమైన రోగులకు మందు నిర్ణయించు పరీక్షలు ఆరంభమైనవి. హ్యూస్టన్ నగరములోని ఎం.డి. ఆండర్సన్ సంస్థకు చెందిన కీత్ బాగర్లీ, కెవిన్ కూంబ్స్ అను ఇద్దరు సంఖ్యాశాస్త్రజ్ఞులు ఆ లెక్కను మొదటి నుండి తిరిగి చేయబోయినారు. లెక్క కుదరలేదు. వారు కూర్చుండి వెదకగా, జన్యువుల పేర్లు పట్టికలో ఒక్క వరుస క్రిందికి జరిగియున్నవి. అనగా ఒక జన్యువు అంకె మరొక జన్యువు పేరున పడినది. అంతకంటె ఘోరము, కొన్ని మందుల విషయములో "లొంగినది", "లొంగనిది" అను గుర్తులే తలక్రిందులైయున్నవి! దాని ప్రకారము మందు ఎన్నుకొన్నచో రోగికి పనిచేయని మందే దక్కును. 2009లో వారు ఈ దోషములను అచ్చువేయించినారు. 2010లో ఆ పరీక్షలు నిలిచిపోయినవి, 2011 జనవరిలో 2006 నాటి వ్యాసము ఉపసంహరింపబడినది. ఆ పరిశోధనలో అసత్య దత్తాంశము చేర్చబడినదని 2015లో అమెరికా ప్రభుత్వ సంస్థ నిర్ధారించినది.

మేము ఈ ఉదంతమును ఇంత విపులముగా వ్రాయుటకు కారణము కలదు. ఆ దోషములను పట్టినది గొప్ప యంత్రము కాదు. పట్టిక ముందు పెట్టుకొని వరుస వరుసా సరిచూచిన ఇద్దరు మనుషులు. మన వాణిజ్యశాస్త్ర విద్యార్థులు ఖాతాల తనిఖీ అని నేర్చుకొను విద్యయే అది.

మోసము లేనిచోట కూడ దత్తాంశము మీద తగవు తప్పలేదు. 2012 నాటి రెండు పట్టికలలో ఉమ్మడిగానున్న 471 కణ వంశములను, 15 మందులను 2013లో బెంజమిన్ హైబ్-కైన్స్ బృందము పోల్చి చూచినది. జన్యువుల అంకెలు రెంటిలో చక్కగా సరిపోయినవి. మందుకు లొంగుబాటు అంకెలు మాత్రము సరిపోలేదు. ఒకచోట మొండిదన్న కణము మరొకచోట మెత్తనిది. ఆ పట్టికలను కూర్చినవారు 2015లో సమాధానమిచ్చుచు, సరియైన పద్ధతిలో పోల్చినచో పొత్తు కుదురుచున్నదని వాదించినారు. కణములను ఎన్ని గంటలు మందులో ఉంచినారు, బ్రతికిన వానిని ఏ విధముగా లెక్కించినారు అను చిన్న విషయములే జవాబును మార్చునని ఈ వాదము వలన అందరికి తెలిసివచ్చినది.

ఇక ప్రయోగశాల నుండి మన ఊళ్ళకు వత్తము. రోగి విషయములో "మందుకు లొంగలేదు" అను గుర్తు ఎవరు పెట్టుదురు? రక్తపరీక్షలో చెడు జన్యువు తగ్గకపోయినచో వైద్యుడు పెట్టును. లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రి వారు 2010లో ప్రకటించిన పరిశోధనలో 87 మంది ఇమాటినిబ్ రోగులకు ఒక చమత్కారమైన సీసా ఇచ్చినారు. మూత తెరచినప్పుడెల్ల అందులోని చిన్న యంత్రము కాలమును నమోదు చేయును. మూడు మాసములు అట్లు చూడగా, వేసికొనవలసిన మాత్రలలో 80 శాతము లేదా అంతకు తక్కువ వేసికొన్నవారిలో చెడు జన్యువు కోరినంతగా తగ్గినవారు ఒక్కరును లేరు. వీరు సంవత్సరముల తరబడి చికిత్సలో ఉన్నవారు, ఉచిత వైద్యము కలవారు.

పాల్మాకులలో దినకూలికి పోవు ఒక మనిషికి ఈ వ్యాధి వచ్చినదనుకొందము. నగరములో ఆసుపత్రికి పోయి వచ్చుటకు ఒక దినము కూలి పోవును, బస్సు ఛార్జీలు వేరు. ఒళ్ళు తేలికపడగానే మాత్ర మానుటయు, మిగిలినవానిని పొదుపుగా దినము విడిచి దినము వేసికొనుటయు మన ఇండ్లలో వింత కాదు. ఉర్దూ విభాగపు మా మిత్రుడొకడు చెప్పినట్లు, మనవారికి దవా మీద నమ్మకము లేక కాదు, అది తరిగిపోవునను భయము. ఇట్టి రోగి వివరము పట్టికలో చేరినపుడు జన్యువుల గడులన్నియు నిండియుండును. మాత్రలు ఎన్ని దినములు మానినాడు అను గడియే ఉండదు. చివరి గడిలో "లొంగలేదు" అని మాత్రము ఉండును. యంత్రము ఏమి చేయును? ఉన్న గడులలోనే కారణమును వెదకి, పాపము ఎరుగని ఒక జన్యువు మీద నేరము మోపును. ఆ సూత్రము మరల మరొక ఊరి రోగికి అన్వయించినచో, చౌకగా దొరకు మంచి మందు మాని ఖరీదైన రెండవ మందు వ్రాయవలసివచ్చును. నెలకు ఎనిమిది వేలకు తెచ్చిన కష్టమంతయు ఒక ఖాళీ గడి వలన వృథా కాగలదు.

ఇంకొక లోటు కూడ కలదు. పైన చెప్పిన కణ వంశములలో అధికభాగము ఐరోపా సంతతి వారి నుండియు, తూర్పు ఆసియా వారి నుండియు తీసినవి. మనవారి కణములు బహు స్వల్పము. 2025 జనవరిలో మన ప్రభుత్వము పదివేల మంది భారతీయుల జన్యు దత్తాంశమును పరిశోధకులకు అందుబాటులోనికి తెచ్చినది. ఇరువది సంస్థలు కలిసి చేసిన ఈ జీనోమ్ ఇండియా కార్యములో హైదరాబాదులోని సీసీఎంబీ కూడ భాగస్వామి. ఇది ఎన్నదగిన పని. అయితే అది ఆరోగ్యవంతుల జన్యువుల చిట్టా. గడ్డల చిట్టా కాదు, మందుకు ఎవరు లొంగినారు అను జవాబు గడి అందులో లేదు.

ఆ జవాబు గడి ఉండునది ఆసుపత్రులలోనే. మెహదీ నవాజ్ జంగ్‌గారి పేర 1955లో వెలసి, నేటికిని రెడ్ హిల్స్‌లో బీదవారికి వైద్యము చేయుచున్న ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి వంటి చోట్ల, నాలుగు దిక్కుల నుండి వచ్చు రోగులలో ఎవరికి ఏ మందు, ఎన్ని నెలలు, మధ్య ఎన్ని దినములు మానినారు, వ్యాధి ఎప్పుడు తిరిగి వచ్చినది అను వివరములు ఒకే తీరున వ్రాయబడినచో అది ఏ పాశ్చాత్య పట్టికకును తీసిపోదు. దానికి రోగి అనుమతి కావలెను, పేరు చిరునామాలు తీసివేయవలెను, వ్రాయు గుమాస్తాకు తీరిక కావలెను. మూడవదియే అన్నింటి కంటె కష్టమని మా అభిప్రాయము. దినమునకు వందల మంది క్యూలో నిలిచిన చోట, మాత్రలు మానినావా అని నిదానముగా అడిగి, తిట్టుదురేమోనను భయము లేకుండ నిజము చెప్పించి, దానిని గడిలో వ్రాయు మనిషి కావలెను.